మహాకంఠము



మాది పేరాల. చీరాలతో జంటగా పిలువబడు పేరాల. 1921 వ సంవత్సరమున మునిసిపాలిటీ పన్నులకు తలయొగ్గక, ఊరికి ఊరే ఇండ్లు విడిచి బయలువెడలిన పేరాల. ఆ కథ మీలో ననేకులు వినినదే. నేడు నేను ఆ కథను మొదలుకొని తుదివరకు చెప్పుటకు రాలేదు. అందులో మా నాయనమ్మ చెప్పెడి చిన్న ముచ్చట నొకదానిని పట్టుకొని, సముద్రముల కావల పుట్టిన యొక యంత్రశిల్పి చరిత్రమును మీకు వినిపింపదలచితిని.

మా నాయనమ్మ అప్పటికి ఏడెనిమిదేండ్ల పిల్ల. తండ్రి భుజముపై కూర్చుండి ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి సభను చూచినదట. చూచినదే గాని వినలేదు. వీరు నిలిచినది జనములో చిట్టచివర. వేదికయొద్ద పలికిన మాట అంతదూరము వచ్చునా? ముందు వరుసలవారు తాము వినిన మాటను వెనుకవారికిని, వారు తమ వెనుకవారికిని అందించుచుండిరట. "నవ్వు ముందు వచ్చేదిరా అబ్బాయీ, మాట తర్వాత వచ్చేది" అని ఆమె చెప్పి తానును నవ్వెడిది. ముందువారు నవ్విన కొంతసేపటికి వెనుకవారికి ఆ నవ్వునకు కారణము తెలిసెడిదన్నమాట.

నేను బడిపంతులనై, పిల్లలకు పాఠములు చెప్పుచున్న దినములలో ఈ ముచ్చట నాకు పలుమారులు జ్ఞప్తికి వచ్చెడిది. చివరి బల్లమీది పిల్లవానికి మాట వినబడనిచో ఆ పాఠము చెప్పనట్లే. సభకైనను, బడికైనను, హరికథకైనను ఈ చిక్కు అనాదిగా నున్నది. మన పల్లెలలో ఊరందరికి ఒక సంగతి తెలియవలెనన్న డప్పు కొట్టించి దండోరా వేయించెడివారు. వీధిభాగవతములలో వెనుక వంతపాటవారు పాటను మరల ఎత్తుకొనుటవలన ముఖ్యనటుని గొంతునకు ఊపిరి దొరకుటయే గాక, దూరమున కూర్చున్నవారికి మాట రెండవసారి వినబడుట యను ప్రయోజనమును కలదు. ఇవియన్నియు మనుష్యుని గొంతునకు మనుష్యులే చేసిన సాయములు. యంత్రము చేసిన సాయము తరువాత వచ్చినది. అది వచ్చుటకు ముఖ్యకారకులైనవారిలో నొకడు పీటర్ లారిట్స్ జెన్సెన్.

జెన్సెన్ 1886 వ సంవత్సరము మే నెల 16 వ తేదీన డెన్మార్కు దేశమున ఫాల్‌స్టర్ అను దీవియందు జన్మించెను. 1903 లో ఆతడు వాల్డెమార్ పౌల్సెన్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనికి కుదిరెను. ఈ పౌల్సెన్ సామాన్యుడు కాడు. ఉక్కుతీగపై అయస్కాంతశక్తిచేత మాటను పట్టి నిలుపు విద్యను 1898 లోనే కనిపెట్టినవాడు. ఆ వెనుక విద్యుజ్జ్వాల సాయముతో నిస్తంత్రి వార్తలను పంపు పద్ధతిని సాధించినవాడు. అట్టి గురువు చెంత ఆరేండ్లు చేతిపని నేర్చిన జెన్సెన్, 1909 లో గురువుగారి యంత్రములను నెలకొల్పు పనిమీద అమెరికాదేశమునకు పోయి, కాలిఫోర్నియా చేరెను.

అచ్చట ఆతనికి ఎడ్విన్ ప్రిడామ్ అను ఇంజనీరు మిత్రుడాయెను. ప్రిడామ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదివినవాడు. జెన్సెన్ పనిబల్ల యొద్ద చదివినవాడు. శాస్త్రము ఒకనిది, హస్తకౌశలము ఒకనిది. రిచర్డ్ ఓకానర్ అను నతడు పెట్టుబడి సమకూర్చగా, 1911 లో వీరు నాపా అను చిన్న ఊరిలో, ద్రాక్షతోటల సీమయందు, ఒక యింటిని ప్రయోగశాలగా మార్చుకొనిరి.

వారు మొదట చేయబూనినది లౌడు స్పీకరు కాదు. టెలిఫోనులో చెవికి ఆనించుకొను గొట్టమును మేలుపరుపవలెనని వారి సంకల్పము. 1876 లో గ్రాహం బెల్లు టెలిఫోను కనిపెట్టిన నాటినుండి ఆ గొట్టములో ఒక ఇనుపరేకు, దానివెనుక ఒక అయస్కాంతము నుండెడివి. మాట తెలిసెడిది గాని, పెట్టెలోనుండి పలికినట్లు అణగి వినబడెడిది. జెన్సెన్, ప్రిడామ్ ఇనుపరేకును అయస్కాంతముచేత లాగించుటకు బదులు, తీగచుట్టనే కదలించు పద్ధతి నవలంబించిరి.

మా ఊరి నేతగాండ్రకు ఈ సంగతి చెప్పుట తేలిక. కండెకు నూలు చుట్టినట్లు సన్నని తీగను చుట్టగా చుట్టుదురు. ఆ చుట్టను బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ ఇరుకైన సందులో, ఎచ్చటను తాకకుండునట్లు నిలుపుదురు. తీగలో విద్యుత్తు ఒకవైపునకు పారినపుడు చుట్ట ముందుకు జరుగును. రెండవవైపునకు పారినపుడు వెనుకకు జరుగును. మగ్గములో నాడె ఇటునటు పోయినట్లు ఇదియు పోవుచుండును గాని, ఇది క్షణములో వందలమార్లు, వేలమార్లు పోవును. పోవు దూరము మాత్రము వెండ్రుకవాసి. చుట్టకు పలుచని రేకును జోడించిన ఆ రేకు గాలిని నెట్టును. గాలి మన చెవిని తట్టును. అదియే శబ్దము.

ఈ యూహ పూర్తిగా వారిదే యనరాదు. 1874 లోనే జర్మనీదేశపు సీమెన్సు అట్టి తీగచుట్టకు పేటెంటు కోరియుండెను. 1898 లో ఇంగ్లండున ఆలివర్ లాడ్జి దానిని శబ్దమునకు ఉపయోగించు మార్గమును చూపియుండెను. కాని విత్తు భూమిలో పడుట వేరు, పంట ఇంటికి వచ్చుట వేరు. నాపా మిత్రుల యంత్రము చక్కగా మాటాడెను. దానిని తీసుకొని టెలిఫోను వ్యాపారులయొద్దకు పోగా వారు స్వీకరింపలేదు. చెవికి ఆనించుకొను వస్తువు అరచేతిలో ఇమిడియుండవలెను. వీరి వస్తువు మాటయందు మేలైనను, ఆకారమున పెద్దది, బరువైనది.

ఏండ్లతరబడి చేసిన పని కొనువారు లేక పడియున్నపుడు మనుష్యుని మనస్సెట్లుండునో మీకు చెప్పనక్కరలేదు. గిట్టుబాటుకాని పంటను ఇంటిలో పెట్టుకొనిన రైతు నడుగుడు. ఆ దినములలో వారి చెంతనున్న యొకరు, దీనిని చెవిలో ఏల మాటాడింపవలెను, బిగ్గరగా మాటాడించి ఆటస్థలములలో వేలమందికి వినిపింపరాదా యని సూచించిరి. నాటి ఆటస్థలములలో గొంతు గట్టివాడొకడు పొడుగాటి బాకా పట్టుకొని ఆటగాండ్ర పేర్లను అరచుచుండెడివాడు. ఆ సూచన విని మిత్రులిద్దరును గ్రామఫోను బూర నొకదానిని తెచ్చి తమ యంత్రమునకు తగిలించిరి. మైకును, బ్యాటరీని కలిపిరి. కలిపిన తోడనే ఆ బూర మాటాడలేదు. చెవులు చిల్లులు పడునట్లు కీచుమని అరచెను.

ఏమి జరిగినదో వారికి కొంతసేపటికిగాని తెలియలేదు. బూరలోనుండి వచ్చిన శబ్దము మైకులో దూరుచున్నది. మైకు దానిని మరల బూరకు పంపుచున్నది. బూర ఇంకను పెద్దగా పలుకుచున్నది. ఇట్లు తిరిగి తిరిగి ఒక క్షణములో అది కేకగా మారుచున్నది. బూరను ఇంటికప్పుమీదికి చేర్చి, మైకును లోపల నుంచి మాటాడగా, కేక పోయి మాట నిలిచినది. ఒక మైలు దూరమున నిలిచినవానికిని ఆ మాట తెలిసెనని చెప్పుదురు.

ఈ ఘట్టము చదివినపుడు నాకు మా బడి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చి నవ్వు వచ్చినది. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో బడి వార్షికోత్సవమునకు మైకుసెట్టు తెప్పించితిమి. ఏర్పాట్లన్నియు నావే. బూరను వేదికవెనుక గోడకు, అతిథిగారి తలపైగా కట్టించితిని; గొంతు ఆయన నోటినుండియే వచ్చినట్లుండునని నా యూహ. అతిథిగారు "సభకు నమస్కారము" అనిరో లేదో, బూర నాపాలో అరచినట్లే అరచెను. పిల్లలు చెవులు మూసికొనిరి. మైకుసెట్టు తెచ్చిన కుర్రవాడు పరుగున వచ్చి, "మాస్టారూ, బూర మొగం మైకు వైపు పెట్టకూడదండి. దాని మాట అదే ఇని, మళ్ళీ అదే అరుస్తదండి" అని బూరను జనమువైపు త్రిప్పెను. వ్యాకరణము, అలంకారశాస్త్రము చదివిన నాకు ఆ బాలుడు చెప్పిన పాఠము ఇప్పటికిని మరపునకు రాలేదు. తన మాటను తానే వినుచు మాటాడువాని గతి యంతయు అందులో కలదు.

తిరిగి జెన్సెన్ కథకు వత్తము. 1915 వ సంవత్సరము డిసెంబరు 10 వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గోల్డెన్ గేట్ పార్కునందు ఈ యంత్రమును ప్రజలయెదుట మొదటిసారి పలికించిరి. అదే నెల 24 వ తేదీన, క్రీస్తుజన్మదినమునకు ముందునాటి సాయంకాలము, నగరభవనము నెదుట జరిగిన గానసభలో దానిని నిలిపిరి. ఆనాడు లక్షమంది వరకు కూడిరని చెప్పుదురు. ఆ నెల చివర అదే నగరమున పెద్ద సభాభవనపు ప్రారంభోత్సవము జరుగగా, గవర్నరు హైరమ్ జాన్సన్ అనారోగ్యమువలన రాజాలకపోయెను. ఆయన ఇంటిలో మైకు నుంచి, తంతివెంట మాటను భవనమునకు తెచ్చి, బూరలచేత సభవారికి వినిపించిరి. మనిషి ఒకచోట, ఆతని గొంతు వేరొకచోట, ఆ గొంతునకు వేలమంది శ్రోతలు. మనకిది నేడు వింత గాదు. నాటివారికి అది అశరీరవాణియే.

ఆ మొదటి యంత్రములో మాటను పెంచు శూన్యగోళములు లేవని గమనింపవలెను. బొగ్గురవ్వలు నింపిన మైకు అది. మాట తాకిడికి రవ్వలు బిగిసినపుడు విద్యుత్తు హెచ్చుగాను, వదులైనపుడు తక్కువగాను పారును. దానిలో బలమైన విద్యుత్తును పంపి, తీగచుట్టను బలముగా కదలించి, బూరచేత గాలిని ఒడిసిపట్టి పలికించిరి. లీ డి ఫారెస్టు 1906 లో కనిపెట్టిన మూడు ధ్రువముల గోళము తరువాత దీనికి తోడయ్యెను. పిమ్మట దీని బలమునకు హద్దు లేకపోయెను.

తమ యంత్రమునకు వారు 'మాగ్నావాక్సు' అని పేరిడిరి. అది లాటిను భాష. మాగ్న యనగా గొప్ప, వాక్సు యనగా గొంతు. మన భాషలో మహాకంఠ మనవచ్చును. ఆ 'వాక్సు' అను పదమునకును మన 'వాక్కు'నకును మూలమొక్కటేయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. 1917 లో ఆ పేరితోనే కంపెనీ యేర్పడినది.

అప్పటికి మొదటి ప్రపంచయుద్ధము జరుగుచున్నది. విమానము నడుపువానికి యంత్రపు రొదలో మాటాడుట సాధ్యము కాకుండెను. జెన్సెన్, ప్రిడామ్ దానికొక మైకు చేసిరి. దాని రేకునకు రెండువైపులను రంధ్రములు. దూరపు రొద రెండువైపులను సమానముగా తాకును గనుక ఒకదాని నొకటి హతము చేసికొనును. నోటికి దగ్గరగా నున్న పక్కను మాత్రము మాట హెచ్చుగా తాకును గనుక అది నిలుచును. మాటను బిగ్గర చేసినవారే రొదను అణచు ఉపాయమును కనిపెట్టిరి. వీరి పనులలో నాకు మిక్కిలి ప్రియమైనది ఇదియే.

ఇక 1919 వ సంవత్సరము. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ నానాజాతిసమితిని స్థాపింపవలెనని దేశమంతయు తిరుగుచు ప్రజలకు నచ్చజెప్పుచుండెను. ఆరోగ్యము చెడియుండెను. గొంతు అలసియుండెను. సెప్టెంబరు 19 వ తేదీన శాన్‌డియాగో నగరపు క్రీడారంగమున 50,000 మందికి పైగా కూడిరి. అధ్యక్షుని కొరకు గాజుపలకలతో ఒక గది వంటిది కట్టి, అందు మైకు నుంచి, పైన బూరలు నిలిపిరి. అమెరికా అధ్యక్షుడొకడు ఈ యంత్రముద్వారా మాటాడుట అదియే మొదటిసారి. జెన్సెన్ కీర్తి దేశమంతట వ్యాపించినది.

కాని విల్సన్‌కు ఏమి దక్కినది? ఆరుదినములకు ఆయన ప్రయాణమధ్యమున కూలబడెను. అక్టోబరు 2 వ తేదీన పక్షవాతము సోకెను. నవంబరు 19 వ తేదీన ఆ దేశపు సెనేటు ఆయన తెచ్చిన సంధిని త్రోసిపుచ్చెను. మరుసటి ఏడు మార్చిలో మరల త్రోసిపుచ్చెను. ఏ సమితికై ఆయన గొంతు చించుకొనెనో ఆ సమితిలో అమెరికా ఎన్నడును చేరలేదు. యాభైవేలమంది చెవులకు ఆయన శబ్దము చేరినది. యంత్రము చేయవలసిన పనిని యంత్రము లోపము లేకుండ చేసినది. మిగిలిన పని యంత్రముది కాదు.

ఇచ్చట మీరు నాతో ఒకసారి పేరాలకు మరలవలెను. శాన్‌డియాగో సభ జరిగిన ఏడాదిన్నరకు మా ఊరిలో జరిగిన సంగతి ఇది. చీరాల పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయుటతో, ఏడాదికి సుమారు 4,000 రూపాయలుండిన పన్ను 40,000 అగునని ప్రజలు కలవరపడిరి. పన్ను కట్టమని నిలిచినందులకు ఒక స్త్రీతో సహా పండ్రెండుగురు జైలుకు పోయిరి. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట యొకటి, ఊరు విడిచిపోవుట యొకటి, రెండు మార్గములు చూపెను. గోపాలకృష్ణయ్యగారు రెండవదానిని చేపట్టిరి. 15,000 మంది జనములో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు కాపురముండిరి.

ఆ పదుమూడువేలమందికి మాట చేరిన మార్గమెద్ది? మా నాయనమ్మ చెప్పినట్లు ఒకరినుండి ఒకరికి. గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివినవారు. ఆనంద కుమారస్వామిగారితో కలసి మన అభినయదర్పణమును ఆంగ్లమున వెలువరించినవారు. చేతితోను, కంటితోను మాటాడుట యెట్లో శాస్త్రపూర్వకముగా నెరిగినవారు. మాట వినబడని చివరివరుసకు ఆయన చేయి కనబడియుండును. అయినను చేయి చూచి ఎవరును ఇల్లు విడువరు. తమకు నమ్మకమైన పొరుగువాని నోట ఆ మాట వచ్చుటచేత విడిచిరి. మాటను అందించిన ప్రతివాడును దానికి పూచీ పడెను. "ఆయన ఇట్లన్నాడు, నేను పోవుచున్నాను, నీవును రమ్ము" అని అందించెను. బూరకు ఈ చివరి రెండు మాటలు చేతకావు.

గెలిచిరా యని మీరడుగవచ్చును. గెలువలేదు. గోపాలకృష్ణయ్యగారిని ఏడాదిపాటు చెరసాలలో నుంచిరి. ధనము కరవై, పాకలలో బాధలు హెచ్చి, జనులు తిరిగి ఇండ్లకు చేరిరి. మునిసిపాలిటీ నిలిచినది. ఆయన 1928 లో ముప్పదితొమ్మిదేండ్లకే దివంగతులైరి. విల్సన్ ఓడెను, మా ఊరును ఓడినది. కాని శాన్‌డియాగోలో వినినవారు వినిపోయిరి. పేరాలలో వినినవారు పదునొకండు నెలలు ఆ మాటను తమ వీపులపై మోసిరి. ఒక యంత్రమును ఒక ఊరితో పోల్చుట సరికాదని ఎవరైన అనవచ్చును. నేను పోల్చుచున్నది యంత్రమును కాదు. వినుటలోని రెండు విధములను.

జెన్సెన్ తరువాతి జీవితమును సంగ్రహముగా చెప్పెదను. 1925 లో ఆతడు మాగ్నావాక్సు కంపెనీని విడిచెను. అదే సంవత్సరమున జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైసు, ఎడ్వర్డు కెల్లాగు అనువారు ఈ విద్యలో మరియొక మెట్టెక్కిరి. బూరను తీసివేసి, తీగచుట్టకు గరాటు ఆకారముగల కాగితమును అంటించి, దానిని చదునైన పలకకు బిగించిరి. పలక యెందులకనగా, కాగితము ముందుకు పోవునపుడు ముందరి గాలి నొక్కుకొనును, వెనుకటి గాలి పలుచనగును. అడ్డము లేనిచో రెండును కలిసి శబ్దమును చంపును. విమానపు మైకులో రొదను చంపిన సూత్రమే ఇచ్చట శత్రువైనది. పలక దానికి అడ్డుగోడ యైనది. బూరగొంతు పోయి సహజమైన గొంతు వచ్చినది. నేటి రేడియోలలోను, టెలివిజనులలోను ఉన్నది ఆ కాగితపు గరాటు వంశమే.

తాను నడచిన దారిలో ఇతరులు ముందునకు పోయినపుడు జెన్సెన్ అలిగి కూర్చుండలేదు. 1927 లో తన పేరితో జెన్సెన్ రేడియో కంపెనీని స్థాపించెను. షికాగో నగరము దానికి నెలవయ్యెను. ఆ క్రొత్త పద్ధతి స్పీకర్లనే చక్కగా చేసి, రేడియోలు చేయువారికందరికిని అమ్మెను. గిటారు వాయించువారి పెట్టెలలో జెన్సెన్ స్పీకరు నేటికిని పేరెన్నిక గన్నది. కొంతకాలమునకు ఆ కంపెనీని కూడ విడిచి, గ్రామఫోను సూదులు చేయు మరియొక కర్మాగారమును పెట్టెను. 1956 లో డెన్మార్కు రాజు ఆతనికి బిరుదమిచ్చి గౌరవించెను. 1961 అక్టోబరులో, డెబ్బదియైదవ యేట జెన్సెన్ అమెరికాలో కాలధర్మము నొందెను.

మన దేశమునకు ఈ యంత్రమును సభలకొరకు తెచ్చినవారిలో నానిక్ మోత్వానేగారిని తప్పక చెప్పవలెను. గాంధీమహాత్ముని సన్నని గొంతు వేలజనమునకు వినబడక పోవుటను చూచి, 1931 కరాచీ కాంగ్రెసు నాటికి ఆయన లౌడు స్పీకర్లు అమర్చిరి. 'షికాగో రేడియో' అను అక్షరములు గల మైకు, గాంధీజీ, నెహ్రూగార్ల ఛాయాపటములలో మీరు చూచియే యుందురు. అది వారి వ్యాపారనామము. 1942 లో రహస్యముగా నడచిన కాంగ్రెసు రేడియో వ్యవహారమున ఉషా మెహతాగారు మొదలగువారితోపాటు ఆయనపైనను అభియోగము మోపిరి. విచారణానంతరము ఆయనను విడిచిరి. గాంధీజీ బిగ్గరగా మాటాడువారు కారు. మెల్లగా మాటాడువాని మాటను మెల్లదనము చెడకుండ చివరివానికి చేర్చుట ఈ యంత్రము చేసిన పనులలో శ్రేష్ఠమైనదని నా తలంపు.

1948 డిసెంబరు 1 వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసిన తరువాత మన పల్లెలకు ఈ గొంతు ఇంటింటి గొంతైనది. ఆ వెనుక మైకుసెట్టు వచ్చినది. పెండ్లికి మైకు, పబ్బమునకు మైకు, ఓట్లకు మైకు. మనవారు యంత్రమంతటిని మైకనియే పిలుతురు. నిజమునకు మైకు వినునది, బూర పలుకునది. నోటికి చెవి పేరు పెట్టితిమి. పేరు చెవిదైనను మనము దానిచేత చేయించునది అరచుటయే.

ఇందులో నా తప్పును నేను చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట మా వీధి చివర ఉత్సవము జరిగినది. చందా ఇచ్చినవారిలో నేనొకడను. వీధి మొగలో స్తంభమునకు ఒక బూర కట్టుడు, అందరికి వినబడునని సలహా చెప్పినవాడను నేనే. ఆ రాత్రి మా యమ్మకు సుస్తీ చేసినది. మంచముమీదినుండి నన్ను పిలిచి ఏదో చెప్పినది. బూరలో పాట. నేను వంగి, ఆమె నోటికి చెవి ఆనించితిని. సగము మాట వినబడినది. "ఏమమ్మా?" అని మరల అడిగితిని. ఆమె మరల చెప్పినది. మరల సగమే వినబడినది. ఒక పిల్లవానిని పంపి పాట నాపించునప్పటికి ఆమె నిద్రలోనికి జారినది. తెల్లవారుజామున పోయినది. ఆమె చెప్పిన మాటలో రెండవ సగము నాకిప్పటికిని తెలియదు. ఎవరిని అనుటకు లేదు. ఆ బూరను అచ్చట కట్టించినది నేను.

యంత్రము దుష్టమని నేనట్లు చెప్పుటలేదు. ఈ క్షణమున మీ చెవిని తాకుచున్న నా గొంతు జెన్సెన్ తీగచుట్ట వంటి తీగచుట్ట మీదుగానే వచ్చుచున్నది. కాని ఆ మిత్రులు నాపాలో బూర తగిలించినది దూరపువానికి వినిపించుటకు; దగ్గరివాని చెవి మూయుటకు కాదు. 2000 వ సంవత్సరపు కేంద్రప్రభుత్వ నియమములు రాత్రి 10 గంటల మొదలు ఉదయము 6 గంటలవరకు లౌడు స్పీకర్లు కూడవని చెప్పినవి. పబ్బములకు రాష్ట్రప్రభుత్వము ఏడాదిలో 15 దినములకు మించకుండ, అర్ధరాత్రివరకు మాత్రము సడలింపవచ్చును. 2005 జూలైలో సుప్రీముకోర్టు ఈ కట్టడిని గట్టిగా నిలిపినది. చట్టము పుస్తకములో నున్నది. బూర స్తంభముమీద నున్నది. నడుమ నిలువవలసినవారు ఊరి పెద్దలు, అనగా మీరు.

ఒక్క మనవితో ముగించెదను. మీ ఊరిలో సభ గాని, ఉత్సవము గాని జరుగునపుడు మొదలుపెట్టుటకు ముందు మీలో ఒకరు పోయి చిట్టచివరి వరుసలో నిలువుడు. మాట వినబడినచో, "చాలు, ఇంతకన్న పెంచకుము" అని మైకువానికి చేయి చూపుడు. ఆ పిమ్మట మరి నాలుగడుగులు వేసి, పక్కవీధిలో మంచముపట్టిన వారెవరైన ఉన్నారేమో విచారించి, బూర మొగము అటు లేకుండ త్రిప్పింపుడు. ఇంతకు మించిన శాస్త్రము అక్కరలేదు. ఆనాడు మా బడిలో ఆ కుర్రవాడు చేసినదియు ఇంతే.